డబ్బు లేకుండా బలం పెంచుకోవడం ఎలా?

 

ఈసారి గోడపత్రికకు పాఠం లాంటిది ఏదైనా రాయమని నన్ను అడిగినారు. లెక్కలు గురించి రాసే ధైర్యం నాకు లేదు. నాకు బాగా తెలిసింది ఒకటే, మెట్ల కింద ఉండే ఇసుక బ్యాగు. మీరందరూ దాన్ని చూసినారు, కొందరు నవ్వినారు కూడా. అది ఎందుకు పెట్టినానో, దానితో ఏమి చేస్తానో రాస్తాను.

మాది ఆత్మకూరు దాటి అడవిలోకి పోయే వైపు ఒక చెంచు గూడెం. పోయిన ఎండాకాలం సెలవుల్లో మా అవ్వ కట్టెలకు పోయి రాళ్ళ మీద జారి పడింది. కాలు వాచిపోయి అడుగు పెట్టలేకపోయింది. ఆటో వచ్చే రోడ్డు గూడేనికి మూడు కిలోమీటర్లు. వెదురు బొంగుకు దుప్పటి కట్టి, అవ్వను డోలీలో వేసుకొని నాయన ముందు, చిన్నాయన వెనక మోసుకొని బయలుదేరినారు. నేను నీళ్ళ సీసా పట్టుకొని వెనక నడిచినాను. సగం దారిలో చిన్నాయన కాలిలో ముల్లు దిగింది. ముల్లు తీసుకొనేదాకా నేను పడతానని బొంగు నా భుజానికి ఎత్తుకొన్నాను.

అడుగులు లెక్కపెట్టుకొంటా పోయినాను. ఇరవై అడుగులు. ఇరవై ఒకటో అడుగుకు మోకాళ్ళు వణికినాయి, బొంగు జారింది, అవ్వ నడుము నేలకు తగిలి గట్టిగా అరిచింది. నాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆసుపత్రిలో అవ్వను తూచినారు, 38 కిలోలు. ఇప్పుడు బాగుంది, నడుస్తుంది, నన్ను తిడుతుంది కూడా. కానీ ఆ 38 నా తలలో ఉండిపోయింది. బడి తెరిచినాక ఫిజిక్స్ సార్‌ను అడిగినాను. బరువు బొంగుకు సరిగ్గా నడిమిట్లో వేలాడుతుంటే ఇద్దరికీ సగం సగం పడుతుందని, ఒకరి వైపు జరిగితే వాళ్ళకు ఎక్కువ పడుతుందని బోర్డు మీద గీసి చూపించినారు. అంటే నా భుజం మీద పడింది 19 కిలోలు, ఇంకా బొంగు బరువులో సగం. అంతే! ఖోఖోలో నన్ను అందుకొనేవాళ్ళు మన హాస్టల్లో ముగ్గురు కూడా లేరు. అయినా 19 కిలోలు మోయలేకపోయినాను. పరుగు వేరు, బరువు వేరు.

అందుకని నేను ఒక లెక్క పెట్టుకొన్నాను. వచ్చే సెలవులకు ఇంటికి పోయేలోగా 20 కిలోలు భుజాన వేసుకొని, ఆగకుండా మన గ్రౌండు చుట్టూ నడవాలి.

పీఈటీ మేడమ్‌ను అడిగితే ముందు ఒక కథ చెప్పినారు. క్రీస్తు పూర్వం ఆరవ శతాబ్దంలో మైలో అని ఒక మల్లయోధుడు ఉండేవాడు. ఇప్పటి ఇటలీ దేశం దక్షిణాన ఉండే క్రోటన్ అనే గ్రీకు ఊరు వాళ్ళది. ఒలింపిక్ ఆటల్లో ఆరు సార్లు గెలిచినాడు. అతడు చిన్న దూడను రోజూ భుజాల మీద ఎత్తుకొని తిరిగేవాడంట. దూడ రోజూ కొంచెం కొంచెం పెరిగింది, అతని బలం కూడా కొంచెం కొంచెం పెరిగింది, చివరకు ఎద్దునే ఎత్తినాడంట. ఇది కథే. ఎద్దును ఎవరు ఎత్తుతారు? కానీ మేకపిల్లను ఎత్తుకొని తిరిగిన మనకు ఇది తెలిసిన సంగతే. పుట్టిననాడు ఎత్తుకొన్న పిల్లను రెండు నెలలకు కూడా ఎత్తుకొంటాము, బరువు పెరిగినట్టే తెలియదు. అదే పిల్లను రెండు నెలలు వదిలిపెట్టి ఒకేసారి ఎత్తితే తెలుస్తుంది. బలం పెంచుకొనే విద్యంతా ఇంతే అని మేడమ్ అన్నారు. కొంచెం బరువు, కొంచెం కొంచెంగా ఎక్కువ, మధ్యలో విశ్రాంతి.

విశ్రాంతి ఎందుకంటే, బరువు ఎత్తేటప్పుడు కండరం పెరగదు. అప్పుడు దాని పోగులు అలసిపోతాయి. మనము తిని పడుకొన్నప్పుడు శరీరం మాంసకృత్తులతో ఆ పోగులను బాగుచేసి, ముందుకన్నా గట్టిగా కడుతుంది. అందుకని నేను సోమ, బుధ, శుక్రవారాలు మాత్రమే చేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహాల్లో కూడా మన వయసు పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు అలిసే పని చెయ్యాలని, కండరాలను, ఎముకలను గట్టిపరిచే పనులు వారానికి మూడు రోజులైనా చెయ్యాలని ఉంది. ఇంకొక వింత ఏమంటే, మొదటి కొన్ని వారాల్లో చెయ్యి లావు కాదు, అయినా ఎక్కువ ఎత్తగలుగుతాము. కండరంలోని పోగులను ఎక్కువగా ఒకేసారి పనికి పిలవడం మన నరాలు అప్పుడు నేర్చుకొంటాయంట. కాబట్టి అద్దంలో చూసుకొని ఏమీ రాలేదని మానుకోవద్దు.

ఇక బ్యాగు సంగతి. టౌనులో జిమ్ముకు నెలనెలా డబ్బు కట్టాలి. ఇనుప బరువులు కొనాలంటే మన ఇండ్లలో ఎవరు కొంటారు? మా నాయనకు నేను బరువులు ఎత్తడానికి డబ్బు అడుగుతున్నానంటే, ఎత్తడానికి ఇంట్లో కట్టెల మోపు లేదా అంటాడు.

పై తరగతి అక్క పారేసిన స్కూలు బ్యాగు తీసుకొన్నాను. పట్టీలు ఊడితే గోతాం కుట్టే దబ్బనంతో, పురికొసతో కుట్టినాను. వాగులో నుంచి ఇసుక తెచ్చి ఎండబెట్టినాను. తడి ఇసుక అయితే ఆరినాక బరువు తగ్గిపోయి మన లెక్క తప్పుతుంది. వంటమ్మ దాచిపెట్టిన ఖాళీ నూనె ప్యాకెట్లు కడిగి, ఒక్కోదానిలో కిలో ఇసుక పోసి, మూతి మడిచి దారంతో కట్టినాను. స్టోరు రూములో కాటా మీద తూచుకోనిచ్చిన వార్డెన్ మేడమ్ గారికి కృతజ్ఞతలు. అక్కడే ఇంకొకటి కనుక్కొన్నాను. మన మెస్సు గ్లాసు నిండా పొడి ఇసుక పోస్తే సుమారు అర కిలో. సెలవుల్లో ఇంటి దగ్గర కాటా ఉండదు గదా, ఇట్లాంటి గ్లాసుతోనే కొలుచుకోవచ్చు. ఇసుక కూడా దొరకని చోట నీళ్ళు ఉన్నాయి. లీటరు నీళ్ళు ఒక కిలో, దానికి కాటా అక్కరలేదు.

దబ్బనం, పురికొస కలిపి 20 రూపాయలు అయినాయి. పంక్చరు షాపాయన పాత సైకిల్ ట్యూబు ఊరికే ఇచ్చినాడు. ఇంతే నా ఖర్చు.

హాస్టలు వెనక పడి ఉన్న బేతంచెర్ల బండ ముక్కలు ఎత్తవచ్చు గదా అని కొందరు అడిగినారు. వద్దు. అంచులు కత్తిలాగా ఉంటాయి, జారితే కాలివేళ్ళు పోతాయి. ఇసుక బ్యాగు కాలి మీద పడినా అంత పని చెయ్యదు.

ఇప్పుడు చేసే పద్ధతి. ముందు ఐదు నిమిషాలు గ్రౌండులో మెల్లగా పరిగెత్తి ఒళ్ళు వేడి చేసుకోవాలి. తర్వాత బస్కీలు. బస్కీలు అంటే కొత్తవేమీ కాదు, హోంవర్కు చెయ్యనప్పుడు మనతో తీయించే గుంజీళ్ళకు చుట్టాలే. శిక్ష అనుకొన్నాము గాని, తొడలకు, నడుముకు అంత మంచి వ్యాయామం ఇంకొకటి లేదని మేడమ్ అన్నారు. (అందుకని శిక్షలు పెంచవద్దని టీచర్లకు మనవి.) చెవులు పట్టుకోకుండా చేతులు ముందుకు చాపి, మడమలు నేలకు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు దిగి లేవాలి. ముందు ఉత్తగా చెయ్యాలి, తర్వాత బ్యాగు రొమ్ముకు హత్తుకొని చెయ్యాలి.

తర్వాత దండీలు. నేల మీద ఒక్క దండీ కూడా నాకు రాలేదు, పొట్ట నేలకు తగిలి పడిపోయినాను. అప్పుడు గోడకు చేతులు పెట్టి చేసినాను. అది సులభం అయినాక మెట్ల మీద, మూడో మెట్టు, రెండో మెట్టు, మొదటి మెట్టు. నేల మీదికి దిగేటప్పటికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఆరు తీస్తాను. సైకిల్ ట్యూబును వేపచెట్టుకు చుట్టి, రెండు కొసలు పట్టుకొని వెనక్కు లాగితే వీపుకు పని దొరుకుతుంది. బావి నుంచి నీళ్ళు చేదినవాళ్ళకు ఇది వెంటనే వస్తుంది. చివర మోత. బ్యాగు వేసుకొని, వీపు నిటారుగా పెట్టి గ్రౌండు చుట్టూ నడవడం. నాకు అన్నిటికన్నా ఇదే ముఖ్యం.

బస్కీలు, దండీలు, ట్యూబు ఎనిమిదేసి, మధ్యలో రెండు నిమిషాలు ఆగుతూ మూడు సార్లు చెయ్యాలి. ఎనిమిదో దానికి కష్టం కావాలి, కానీ ఒళ్ళు వంకర పోగూడదు. పన్నెండు సులభంగా వచ్చినప్పుడు బ్యాగులో ఒక గ్లాసు ఇసుక పెంచాలి. శ్వాస బిగబట్టవద్దు, లేచేటప్పుడు వదలాలి. నేను ప్రతిరోజూ పాత నోటుబుక్కు వెనక పేజీలో తేదీ, కిలోలు, ఎన్ని చేసినానో రాసుకొంటాను. రాయకపోతే మనస్సు అబద్ధం చెబుతుంది.

నేల మీద నుంచి బ్యాగు ఎత్తే తీరు మాత్రం అందరూ నేర్చుకోవాలి. వ్యాయామం చెయ్యనివాళ్ళు కూడా బియ్యం మూట, నీళ్ళ బకెట్ ఎత్తుతారు గదా. మనము మీటల పాఠం చదివినాము. గడ్డపార కింద చిన్న రాయి పెట్టి పెద్ద గుండును పెకలిస్తాము. మన చెయ్యి ఆధారానికి దూరంగా ఉంది కాబట్టి మనకు సులభం. వంగి బరువు ఎత్తేటప్పుడు ఇది తలకిందులు అవుతుంది. వెన్నెముకే ఆధారం అనుకోండి. దాన్ని పట్టి లాగే వీపు కండరం దానికి ఐదారు సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. బ్యాగేమో చాపిన చేతుల్లో అర మీటరు దూరంలో ఉంది. అంటే 10 కిలోల బ్యాగుకు కండరం 100 కిలోలంత లాగాలి. అదే బ్యాగును కాళ్ళ దగ్గరకు లాక్కొని, మోకాళ్ళు వంచి, వీపు చక్కగా పెట్టి, ఒంటికి ఆనించి లేస్తే ఆ దూరం సగానికన్నా తగ్గుతుంది. మా అమ్మ కట్టెల మోపు ఎత్తేటప్పుడు నడుము పట్టుకొనేది ఎందుకో ఈ పాఠంతో తెలిసింది. దసరా సెలవుల్లో అమ్మకు చూపించినాను. మోపును ముందు రాతి మీదికి ఎక్కించి, అక్కడి నుంచి తలకు ఎత్తుకొంటుంది ఇప్పుడు. అది నేను చెప్పింది కాదు, అమ్మే కనుక్కొన్నది. నాకన్నా తెలివైన పద్ధతి.

నేను చేసిన తప్పులు కూడా చెప్పాలి. మొదటి రోజు ఉత్సాహంలో అరవై బస్కీలు తీసినాను. రెండు రోజులు బాత్రూములో కూర్చోలేక ఏడుపు వచ్చింది. కొత్తలో కొంచెం నొప్పి మామూలే, కానీ అంత నొప్పి తెలివితక్కువతనం. రెండోది, సెప్టెంబరులో 8 కిలోల నుంచి ఒకేసారి 12కు పోయినాను, ఎందుకంటే ఒక చెల్లెలు చూస్తా ఉంది. నడుము పట్టేసింది. పది రోజులు బ్యాగు ముట్టలేదు, మళ్ళీ 6 నుంచి మొదలుపెట్టినాను. గొప్పకు పోయి నెలన్నర పోగొట్టుకొన్నాను. నడుము, కీళ్ళు పొడిచినట్టు నొప్పి వస్తే ఆపాలి, సిస్టర్‌కు చెప్పాలి.

తిండి విషయం. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మన వయసు ఆడపిల్లకు రోజుకు సుమారు 43 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి. గుప్పెడు చెనిక్కాయ విత్తనాల్లో కూడా సుమారు అంతే ఉంటాయి, కొంచెం ఎక్కువే. మన సీమలో చెనిక్కాయలకు కరువు లేదు. పప్పు, రాగి సంగటి, కొర్రన్నం అన్నిటిలోనూ కొంత ఉంది. డబ్బాల్లో అమ్మే పొడులు మనకు అక్కరలేదు. గుడ్డు వాసన అని పక్కపిల్లకు ఇచ్చేవాళ్ళు ఒకసారి ఆలోచించండి. (ఇప్పటిదాకా తీసుకొన్నది నేనే, అయినా చెబుతున్నాను.)

ఇంకొక ముఖ్యమైన సంగతి రక్తం. ఆగస్టులో పరీక్ష చేసినప్పుడు నాకు హీమోగ్లోబిన్ 9.6 వచ్చింది. మనకు 12 ఉండాలి. కండరానికి ప్రాణవాయువు మోసుకొని పోయేది అదే. అది తక్కువగా ఉంటే ఎంత ఇసుక ఎత్తినా ఆయాసమే మిగులుతుంది. డోలీ దగ్గర నా మోకాళ్ళు వణకడానికి అది కూడా ఒక కారణం అయి ఉండొచ్చని సిస్టర్ అన్నారు. అప్పుడు డాక్టరు గారు మాత్రలు రాసిచ్చినారు, మూడు నెలలు మింగినాను. వారానికి ఒకటి ఇచ్చే నీలం రంగు ఇనుము మాత్ర అందరికీ ఉంది. దాన్ని కిటికీలో నుంచి పారేసేవాళ్ళు ఉన్నారు, పేర్లు రాయను. అన్నం తిన్నాక వేసుకొంటే కడుపులో తిప్పదు. టీతో పాటు వద్దు, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ, ఉసిరికాయ అయితే పట్టేటట్టు చేస్తాయి. ఉసిరికాయ కోసం మనం అంగడికి పోవాలా, నల్లమల అంతా ఉంది. డిసెంబరులో నాకు 11.4 వచ్చింది.

ఇప్పుడు మీరు నన్ను అడిగినవి. బరువులు ఎత్తితే పొట్టిగా అయిపోతారా? కాదు. చూసేవాళ్ళు ఉండి, తక్కువ బరువుతో పద్ధతిగా చేస్తే ఎదుగుదల ఆగదు. మగపిల్లల మాదిరి అయిపోతామా? నన్ను చూడండి, ఏమైనా అయినానా? గర్భసంచి జారుతుందా? ఇది చెవిలో అడిగినారు, నేను సిస్టర్‌ను చెవిలోనే అడిగినాను. మన వయసులో ఇట్లా కొంచెం కొంచెంగా పెంచుతూ, శ్వాస వదులుతూ చేస్తే అట్లాంటి భయం అక్కరలేదన్నారు. కాన్పు అయిన వెంటనే బరువులు మోసే తల్లులకు మాత్రం ప్రమాదం ఉంది, ఆ మాట అక్కడి నుంచి వచ్చి ఉంటుందన్నారు. నెలసరి రోజుల్లో ఒళ్ళు బాగుంటే చెయ్యవచ్చు, నొప్పి ఉంటే పడుకోవచ్చు. పాపం ఏమీ లేదు.

మా వైపు ఊళ్ళలో తిరునాళ్ళకు, ఉగాదికి గుండు ఎత్తే పందెం, ఇరుసు ఎత్తే పందెం పెడతారు. నేను చూసినవాటిలో ఎత్తేది మగవాళ్ళే, మనము చప్పట్లు కొట్టేవాళ్ళం. కానీ ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొట్టమొదటి భారత మహిళ బరువులెత్తే ఆమే, మన తెలుగు ఆమే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కరణం మల్లీశ్వరి గారు. పన్నెండేళ్ళకు నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర మొదలుపెట్టినారు. 1994, 1995లో ప్రపంచ ఛాంపియన్. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు ఈ పోటీ మొదటిసారి పెట్టింది 2000లో సిడ్నీలో. ఆ సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచినారు. బంగారం, వెండి గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5. తేడా రెండున్నర కిలోలు, మన గ్లాసుతో ఐదు గ్లాసుల ఇసుక! చివరిసారి ఆమె 137.5 కిలోలకు ప్రయత్నించినారు, అందలేదు. 135 ఎత్తి ఉంటే 245 అయ్యేది. నేను 8 నుంచి 12కు దూకిన రోజు ఈ లెక్క తెలిసి ఉంటే బాగుండేది.

మణిపూర్‌లో మీరాబాయి చాను గారిది కట్టెల మోపు కథే. చిన్నప్పుడు వాళ్ళ అన్న ఎత్తలేని మోపును ఆమె ఎత్తి ఇంటికి తెచ్చేదంట. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో 202 కిలోలు ఎత్తి వెండి పతకం తెచ్చినారు. ఆమె బొమ్మ పక్కన అతికించినాను, మైదా ఇంకా ఆరలేదు, ముట్టవద్దు.

నా లెక్క ఈ శుక్రవారానికి 16 కిలోలు, గ్రౌండు చుట్టూ ఒక చుట్టు, ఆగకుండా. ఇంకా నాలుగు కిలోలు కావాలి. సెలవులకు పది వారాలు ఉన్నాయి, వారానికి ఒక గ్లాసు చొప్పున వేసినా ఐదు కిలోలు అవుతుంది. నా బరువు 37 కిలోలే కాబట్టి 20 దాటవద్దని మేడమ్ ముందే గీత గీసినారు. ఆ తర్వాత దూరం పెంచాలంట.

చేరాలనుకొనేవాళ్ళు సోమ, బుధ, శుక్రవారాలు తెల్లవారుజామున ఐదున్నరకు వేపచెట్టు దగ్గరికి రండి. ప్రార్థన గంటకు అయిపోతుంది. పీఈటీ మేడమ్ వచ్చేదాకా బ్యాగు ముట్టవద్దు. ఆరో తరగతి చెల్లెళ్ళు బ్యాగు లేకుండా ఉత్తగా చెయ్యాలి. చినిగిన బ్యాగులు ఉంటే పారేయకుండా ఇవ్వండి, నేను కుట్టి ఇస్తాను. వార్డెన్ మేడమ్ గారూ, ఖాళీ నూనె ప్యాకెట్లు ఇంకొక ఇరవై కావాలని మనవి.

బ్యాగు మెట్ల కింద ఉంది. తీసినవాళ్ళు మళ్ళీ అక్కడే పెట్టండి, తడి నేల మీద పెట్టొద్దు. మొన్న ఎవరో ఒక ప్యాకెట్ తీసినారు, 16 అని రాసుకొన్నది తూస్తే 15 వచ్చింది. ఎవరు తీసినారో వాళ్ళు తెచ్చి పెడితే చాలు, అడగను.

– 9వ తరగతి విద్యార్థిని